నాలుగో షెడ్డు కాపురం

ముక్కుకు కట్టుకున్న గుడ్డ జారిపోతుంటే భుజంతో పైకి తోసుకుని, మందాయన మళ్లీ కర్ర తిప్పడం మొదలుపెట్టాడు. రేకు తొట్టిలో నూకలూ నూనే కొంచెం పంచదారా కలిసి ముద్దకట్టాయి. ఆ ముద్ద మీద నీలం పొడి చల్లి, ఊపిరి బిగబట్టి, అడుగునుంచి పైకీ పైనుంచి అడుక్కీ తిరగేశాడు. నీలం ముందు చారలుగా పాకి, తర్వాత మెల్లగా అంతటా పరుచుకుంది. ఎక్కడా తెల్లనూక కనిపించకపోతే మందు బాగా కలిసినట్టు. మనుషులెవరూ పొరపాటున నోట్లో వేసుకోకుండా ఆ రంగు కలుపుతారు. ఎలుకలకు రంగు పట్టింపు లేదు.

గిడ్డంగుల వెనక గోడకు ఆనించి కట్టిన గది అది. చేతులు చాస్తే రెండు గోడలూ తగులుతాయి. తలుపు తెరిచి ఉంచితే వెలుగు, మూస్తే చీకటి; కిటికీ పెట్టాలని కట్టినవాళ్లకు తోచలేదు. ముప్పయ్యేళ్లుగా అతను ఈ గదిలోనే వారానికోసారి ఎర కలుపుతున్నాడు. పీలగా, పొడుగ్గా, వంగి వంగి బస్తాల సందుల్లోకి చెయ్యి పెట్టడంవల్ల నడుం దగ్గర కొంచెం ఒరిగిన మనిషి. గోళ్ల అంచుల్లో నీలం ఎంత తోమినా పోదు. కొత్తగా చేరిన హమాలీలు ‘మందాయన’ అన్న పేరు విని, పాపం తాగుబోతు కాబోలు అనుకుంటారు. నాలుగు రోజులు పోయాక, ఈయన టీ కూడా సగమే తాగుతాడని తెలిసి నవ్వుకుంటారు.

నీలం ఎరను ఎర్రగుడ్డ చుట్టిన డబ్బాలోకి ఎత్తాడు. అది మొదటి మూడు షెడ్లకు. తర్వాత వేరే పళ్లెంలో నూకలు, నూనె, పంచదార మాత్రమే కలిపాడు. పొడి డబ్బా వైపు చూడనైనా చూడలేదు. ఆ ముద్దను తెల్లగుడ్డ చుట్టిన డబ్బాలో పెట్టి మూత బిగించాడు. అది నాలుగో షెడ్డుకు. ఆ మసక వెలుతుర్లో, బస్తాల వెనక నేలమీద పెట్టిన గుప్పెడు నూక ఏ రంగులో ఉందో వంగి చూసేవాళ్లు ఎవరూ లేరు. మూడేళ్లుగా లేరు.

అవి మొదట వచ్చింది ఒక వానాకాలంలో. నాలుగో షెడ్డు గోడకు పైన, కప్పుకింద, అద్దం పగిలిన వెంటిలేటర్ ఒకటుంది. ఆ సాయంత్రం వాన హోరులో తెల్లగా ఏదో లోపలికి జారడం చూసి, కాగితం ఎగిరొచ్చిందనుకున్నాడు. కాగితం తల తిప్పి అతనికేసి చూసింది. గుండ్రటి తెల్లమొహం, మధ్యలో నల్లటి కళ్లు రెండు. అది కూర్చున్న చోటునుంచి కదల్లేదు, అతనూ కదల్లేదు. కొంతసేపటికి రెండోది వచ్చింది.

చలికాలానికి వెంటిలేటర్ పక్కన గోడ బొరియలోంచి బుసలు మొదలయ్యాయి. హమాలీలు పాములన్నారు. ఒకళ్లిద్దరు ఆ షెడ్డులోకి రామన్నారు. కాటా దగ్గర బస్తాలు తూచే ఆయన చెవి ఒగ్గి విని, “పాములూ కాదు, పాడూ కాదు. ఎవరో పైన కాపురం పెట్టి కుక్కరెక్కించారు” అన్నాడు. అవి గూబ పిల్లలు. ఆకలికి అలా బుసకొడతాయి. గూబలని తెలిశాక కూడా తరిమేద్దామన్నాడు ముఠా మేస్త్రి, అవి ఉన్నచోటు బాగుపడదని. “ఇక్కడ ఇప్పటిదాకా ఏం బాగుపడిందని ఇప్పుడు చెడుతుంది?” అన్నాడు కాటా ఆయన. ఆ మాటకు అందరూ నవ్వారు. నవ్వులో గూబలు మిగిలిపోయాయి.

ఎండాకాలంలో పిల్లలు దూలం మీద వరసగా నిలబడి రెక్కలు విదిలించేవి. ఏళ్లనాటి దుమ్ము బస్తాలమీద రాలేది. ఒక్కొక్కటీ వెళ్లిపోయాక, తల్లీ తండ్రీ దూలం చెరో చివరా కూర్చునేవి, మాటలన్నీ అయిపోయిన మొగుడూపెళ్లాల్లాగా. మళ్లీ మొదటి వాన పడగానే దగ్గరకు జరిగేవి.

మందాయన ఆడదాన్ని ‘ఇల్లాలు’ అనేవాడు, మగదాన్ని ‘ఇంటాయన’ అనేవాడు, మనసులోనే. ఇంటాయన కొంచెం తెలుపెక్కువ. పొద్దుగుంకగానే బయటికెళ్లి ఎలుకను తెచ్చి, ఇల్లాలి ముందు తలవంచి, ముక్కుతో ముక్కుకు అందించేవాడు. ఆవిడ దాన్ని కాలికింద పెట్టి చీల్చి, ముందు తను రుచి చూసి, తర్వాత పిల్లల నోళ్లలో పెట్టేది. మొదటి చలికాలంలోనే ఓరోజు ఇంటాయన నేలమీద మత్తుగా తూలుతున్న ఎలుకను సునాయాసంగా ఎత్తుకుపోవడం చూశాడు. మందు తిన్న ఎలుక వెంటనే చావదు. మూడు నాలుగు రోజులు నీరసంగా, భయం లేకుండా, బయట బయటే తిరుగుతుంది. గూబకు అంతకన్నా సులువైన తిండి దొరకదు.

ఆ ఎలుక తన షెడ్డుది కాకపోయినా కావచ్చు, తిన్నది కొంచెమే అయినా కావచ్చు. ఆ ఏడు వాటికేమీ కాలేదు. కానీ ఆ రాత్రి ఇంటికెళ్లి చెంచాతో అన్నం తింటుంటే అతని చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

ఆ ఇంట్లో చెంచాతో తినేది అతనొక్కడే. పెళ్లయిన కొత్తలోనే భార్య పెట్టిన నియమం. “నువ్వు ఎంత కడుక్కున్నా నా కళ్లకు నీలంగానే కనిపిస్తాయి. కోప్పడకు” అంది. కోప్పడలేదు. అతనికి విడి సబ్బు, విడి తువ్వాలు, విడి గ్లాసు. కూతురు పుట్టాక ఆ నియమం అతనే గట్టిచేశాడు. పిల్లను ఎత్తుకున్నాడు, ఆడించాడు, బడికి తీసుకెళ్లాడు. ఒక్క ముద్దయినా తన చేత్తో నోట్లో పెట్టలేదు. పిల్ల నోరు తెరిచి దగ్గరకొస్తే, “అమ్మ దగ్గరికెళ్లు, అమ్మ దగ్గర తియ్యగా ఉంటుంది” అని పంపేవాడు. ఇంటాయన ఇల్లాలికి ఎలుకను అందించడం చూస్తున్నప్పుడల్లా తను ఎవరికీ ఏమీ అందించలేదన్న సంగతి గుర్తొచ్చేది. ఆ తూలే ఎలుకను చూసిన మర్నాటినుంచే నాలుగో షెడ్డు ఎరలో పొడి వెయ్యడం మానేశాడు. ఎలుకలు పెరగలేదు. కాపురమున్నవాళ్లు తమ ఇంటిని తామే చూసుకున్నారు.

రెండు డబ్బాలూ చేత పట్టుకుని గది తాళం వేశాడు. మనసు తేలిగ్గా ఉంది. పోయిన వారమంతా అతను ఇక్కడ లేడు. కూతురికి జ్వరం తిరగబెట్టిందని కబురొస్తే భార్యాభర్తలిద్దరూ ఆమె దగ్గరికి వెళ్లారు. మూడోరోజు భార్య వంటింట్లో ఉండగా, పక్కలో పడుకున్న కూతురు, “నాన్నా, వాడికి కాస్త తినిపించు, ఏడుస్తున్నాడు” అని గిన్నె చేతికిచ్చింది. “అమ్మొస్తుందమ్మా” అన్నాడు. “నువ్వు పెట్టు నాన్నా. మూడ్రోజులైంది మందు ముట్టి. పైగా పొద్దుటినుంచి ఆరుసార్లు కడిగావు, నేను చూస్తూనే ఉన్నా” అంది కూతురు, నవ్వీ నవ్వనట్టు. పెట్టాడు. మనవడు మెత్తటి నోటితో అతని వేలిని కూడా చప్పరించాడు. ఆ తర్వాత వాడు నిద్రపోయినంతసేపూ పక్కన కూర్చుని ఊపిరి వింటూనే ఉన్నాడు. వాడు లేచి నవ్వాక గానీ అతను మంచినీళ్లు తాగలేదు.

తిరిగొచ్చి చూస్తే, వెళ్లేముందు ఎర కలిపి పెట్టిన రెండు డబ్బాలూ ఖాళీగా, కడిగి బోర్లించి ఉన్నాయి. కాటా దగ్గర మేకుకు వేలాడే రెండో తాళం చెవితో గది తెరిచి, ఎవరో చేబదులు చేశారన్నమాట. ఈ గిడ్డంగుల్లో చేబదులంటే డబ్బు కాదు. ఒకరు రాని రోజున వాళ్ల పని పక్కవాడు ఎత్తుకుంటాడు. పైకి చెప్పడు, చేయించుకున్నవాడు అడగడు. చెప్పుకుంటే అది చేబదులు కాదు, డప్పు. ఎర్రడబ్బా మూడు షెడ్లకీ, తెల్లడబ్బా నాలుగోదానికీ అని తలుపు వెనక సుద్దముక్కతో రాసే ఉంది. అందుకే అతను నిశ్చింతగా ఉన్నాడు.

మొదటి మూడు షెడ్లూ మామూలుగానే అయ్యాయి. మోకాళ్లమీద కూర్చుని, బస్తాల దొంతరకూ గోడకూ మధ్య సందులో చెయ్యి పెట్టి పాత ఎర గీకి తీసి, కొత్తది గుప్పెడు పెట్టడం, లేవడం, మళ్లీ కూర్చోవడం. నాలుగో షెడ్డు గుమ్మంలో అలవాటుగా తలెత్తి చూశాడు. దూలం మీద ఇంటాయన కునుకు తీస్తున్నాడు. బొరియలోంచి పిల్లల బుస సన్నగా వినబడుతోంది. ఈ ఏడు ముగ్గురు. ఇల్లాలు లోపలే ఉండుంటుంది.

మొదటి మూలలో వంగేసరికి చచ్చిన ఎలుక కనబడింది.

పక్కకు పడి ఉంది. ముక్కు దగ్గర ఎండిన రక్తం.  ఆ చావును మందాయన కొన్ని వేలసార్లు చూశాడు. పోల్చుకోవడానికి కొత్తగా ఏమీ లేదు. సందులోకి చెయ్యి పెట్టి పాత ఎర గీకి వెలుతుర్లోకి తెచ్చాడు. అరచేతిలో నూకలు నీలంగా ఉన్నాయి.

ఆ నూకలు గుప్పిట పట్టుకునే కాటా దగ్గరకు నడిచాడు. తూచే ఆయన కాళ్లు బార్లా చాపుకుని, చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు. బట్టతల, గట్టి గొంతు, బొజ్జమీద ఎప్పుడూ ఊడిపోయి ఉండే ఒక గుండీ. ఇద్దరికీ చుట్టరికం లేదు. అయినా ఇరవయ్యేళ్లుగా బావా అంటే బావా.

“బావా, నాలుగో షెడ్డులో ఎర పెట్టిందెవరు?”

“అడక్కూడదు బావా. నియమం.”

“చెప్పు.”

“నేనే. ఏం, వంక పెడతావా? మూలమూలా దూరి పెట్టాను. ఈ బొజ్జేసుకుని. నడుం ఇంకా సర్దుకోలేదు.”

“ఏ డబ్బాలోది?”

కాటా ఆయన పుల్ల పారేసి గొంతు తగ్గించాడు. “అసలు సంగతి అదే. నీ పరువు కాపాడాను తెలుసా? తెల్లడబ్బా మూత తీద్దును గదా, అందులో మందే లేదు! నూక నూకలాగే ఉంది. పాపం పిల్లకు బాగాలేదన్న కంగారులో కలపడం మర్చిపోయి పరిగెత్తావనుకున్నా. మేడమ్ కంట పడితే మాటొస్తుందని నేనే కలిపేశా. పొడి ఎంతో తెలీక ఓ చెంచా ఎక్కువే వేశాలే. ఏం, థాంక్స్ చెప్పడానికొచ్చావా?”

 మందాయన పక్కనే ఉన్న కాటా పళ్లెం మీద కూలబడ్డాడు. ఎదుట అంకెలు వెలిగాయి. తూచే ఆయన అలవాటుకొద్దీ వాటికేసి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

“మర్చిపోలేదు బావా. కలపకూడదనే కలపలేదు.”

“అంటే?”

“ఆ గూబలు బతకాలని.”

 కాటా ఆయన నీలపు నూకలున్న ఆ అరచెయ్యి చూశాడు. అతనికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. బరువులు తూచేవాడు.

“ఎన్నాళ్లనుంచి?”

“అవి వచ్చిన దగ్గర్నుంచి.”

“నాక్కూడా చెప్పలేదే.” అతని గొంతులో కోపంకన్నా నొప్పి ఎక్కువుంది. “ఒక గోడకు ఆనుకుని ఇన్నేళ్లు అన్నం డబ్బాలు విప్పుకుని తిన్నాం. నీ పెళ్లాం నీకు చెంచా పెట్టడం మర్చిపోతే నా చెంచా ఇచ్చాను. ఒక్కమాట చెప్పుంటే ఆ డబ్బా జోలికి పోయేవాణ్ణా?”

“చెప్తే నీకూ భారమని...”

“భారమెంతో తూచాల్సింది నేను. నువ్వెవడివి?”

అప్పుడే షెడ్డులోంచి ఏదో పడ్డ చప్పుడైంది. పెద్ద చప్పుడేం కాదు. తడిబట్ట తీగమీదనుంచి జారినట్టు.

ఇల్లాలు బస్తాల దొంతర మీద పడి ఉంది. పట్టపగలు, మనుషులు తిరిగే చోట. రెక్కలు దగ్గరకు తీసుకోవాలని చూస్తోంది, తీసుకోలేకపోతోంది. ముక్కు కొసన ఒక ఎర్రటి చుక్క. మందాయన బస్తాలెక్కి పక్కన కూర్చున్నాడు. ఆవిడ తల తిప్పి అతనికేసి చూసింది, మొదటి వానాకాలంలో చూసినట్టే. పైన పిల్లలు బుసకొడుతున్నాయి. ఇంటాయన దూలం మీద మెలకువలోకి వచ్చి, తల అటూ ఇటూ ఊపుతున్నాడు.

“ఏమైనా ఇద్దామా? నీళ్లో, పాలో...” కాటా ఆయన కిందనుంచి అడిగాడు.

“ఇప్పుడేం లాభం లేదు.” అన్నాడు మందాయన, “పొద్దుగుంకేలోగా ఈ షెడ్డులో మందు తిన్న ఎలుక ఒక్కటి కూడా మిగలకూడదు. ఎర కూడా. లేకపోతే ఇంటాయన మళ్లీ అవే తెచ్చి పెడతాడు. మిగతావి కూడా పోతాయి.”

“అవన్నీ దొంతర వెనక కదా ఉండేది?”

“దొంతర జరపాలి.”

“మేడమ్ చెప్పకుండా హమాలీలు బస్తా ముట్టరు.”

“అందుకే వెళ్తున్నా.”

“ఆగు. నేను చెప్తా, నేనే తప్పు కలిపానని...”

“నువ్వు కలిపింది తప్పు కాదు బావా. అది నీ తప్పయితే నా మూడేళ్లేమిటి?”

గిడ్డంగులు చూసే మేడమ్ చిన్నావిడ. వచ్చి ఏడాదైంది. అరవదు; అరిచే అలవాటు లేకపోవడంవల్ల ఆవిడంటే అందరికీ ఇంకాస్త భయం. మందాయన టేబుల్ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. తెల్లడబ్బా, ఎర్రడబ్బా, గూబలు. చేబదులు ఎవరు చేశారో మాత్రం చెప్పలేదు. ఆవిడ పెన్ను మూత పెట్టి విన్నది.

“ఆ గింజలు మనుషులు తింటారండీ” అంది చివరికి.

“అవును మేడమ్.”

“అందులో ఎలుకలు పడితే ఎంతమందికి జబ్బు చేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గూబలున్నాయి, అవి చూసుకుంటాయని మీరొక్కరే అనుకుంటే సరిపోతుందా? నాతో అనొచ్చుగా. నాకన్నా ముందున్నాయనతో అనొచ్చుగా.”

“అనాల్సింది మేడమ్.”

నిజమే కదా అనిపించింది అతనికి. ఎవరూ ఇవ్వని అధికారం తను తీసుకున్నాడు. ఆవిడ కిటికీలోంచి నాలుగో షెడ్డు వైపు చూసింది. కోపం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టుంది ఆవిడ మొహం.

“పిల్లలు ఎంత పెరిగాయి?”

“పెద్దదానికి ఈకలొస్తున్నాయి. చిన్నది ఇంకా నూగుతోనే ఉంది.”

ఆవిడ లేచి గుమ్మంలోకి వచ్చి ముఠా మేస్త్రిని పిలిచింది. “నాలుగో షెడ్డులో నేల చెమ్మగిల్లిందేమో చూడాలి. గోడవైపు దొంతర మొత్తం జరపండి. ఇప్పుడే.” మేస్త్రి ఎండవైపోసారి, ఆవిడవైపోసారి చూసి, వానలు పోయి ఎన్నాళ్లైందో అడగబోయి మానుకున్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి మందాయనతో నెమ్మదిగా అంది. “ఇవాళ్టికి ఇంతే చేయగలను. మందుగది తాళం మాత్రం ఇచ్చేసి వెళ్లండి. రేపటినుంచి ఆ పని బయటివాళ్లకు అప్పజెప్తాను. పిల్లలు ఎగిరేదాకా నాలుగో షెడ్డులో బోనులే పెట్టిస్తాను. ఎగిరాక ఆ వెంటిలేటర్‌కు జాలీ వేయించక తప్పదు.”

“మరి నేను మేడమ్?”

“కాటా దగ్గర కూర్చోండి. ఆయనకు తోడుగా.”

తాళం చెవిని మొలతాడునుంచి విప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. ముడి పాతది.

హమాలీలు కొక్కేలు తగిలించి బస్తాలు వీపులమీదికి ఎత్తుకున్నారు. దొంతర తగ్గేకొద్దీ సందుల్లోంచి చచ్చిన ఎలుకలు బయటపడ్డాయి. చావబోతున్నవి కూడా, వెలుతురు చూసి పరిగెత్తాలన్న తెలివి లేకుండా. చెమ్మ ఎక్కడా లేదు. మేస్త్రికి సంగతేమిటో తెలిసిపోయింది. అటు పక్కగా గోనెమీద పడుకోబెట్టిన గూబనీ, దానిపక్కన వంగి చీపురుతో నీలం నూకలు పోగుచేస్తున్న మందాయననీ చూశాడు. “అప్పుడే తరిమేద్దామన్నాను. తరిమేసుంటే ఇంకెక్కడో బతికుండేది” అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. అని, తనూ ఒక చీపురు తీసుకుని రెండోవైపునుంచి ఊడ్చుకొచ్చాడు.

ఊడుస్తూనే మందాయన మధ్యమధ్యలో ఇల్లాలి దగ్గరికి వెళ్లి చూస్తున్నాడు. ఒకసారి చూసినప్పుడు కన్ను మూసి తెరిచింది. ఇంకోసారి గోనె పోగును కాలిగోళ్లతో పట్టుకుని ఉంది. తర్వాతిసారి వెళ్లేసరికి కాటా ఆయన పక్కన చతికిలబడి ఉన్నాడు.

“ఇప్పుడే బావా. ఏమీ బాధపడలేదు. నిద్రలోకి జారినట్టే...” అన్నాడు. అది నిజమో, తనకోసం చెబుతున్నాడో మందాయనకు తెలియలేదు. అడగలేదు. కాటా ఆయన ఆవిడను రెండు చేతుల్లోకి తీసుకుని, జీవితమంతా బరువులతో బతికిన మనిషి, ఆశ్చర్యంగా పైకెత్తి చూశాడు. “ఏమీ లేదు బావా ఇందులో. అంతా ఈకలే.”

ప్రహరీ మూలన గొయ్యి తవ్వి, పోగుచేసిన ఎలుకలను లోతుగా పూడ్చారు. ఇల్లాలిని వాటితో కలపలేదు. కాస్త ఎడంగా ఇంకో గొయ్యి తవ్వాడు మేస్త్రి, ఎవరూ చెప్పకుండానే.

తర్వాత నిచ్చెన వేశారు. కాటా ఆయన కింద పట్టుకుంటే మందాయన ఎక్కి బొరియలోకి తొంగిచూశాడు. ముగ్గురూ ఉన్నారు. పెద్దది రెక్కలు చాపి, తల నేలకు ఆనించి, మిగతా ఇద్దరినీ వెనక్కి నెట్టి అతనిమీద బుసకొట్టింది. చిన్నది కళ్లు చికిలించి చూస్తోంది. మూలన సగం తిన్న ఎలుక ఉంది. పుల్లతో బయటికి లాగి కింద పడేశాడు. పెద్దది దానివైపూ అతనివైపూ చూసింది. నోటిముందు తిండి తీసేసినవాడిగా ఆ చూపును అతను భరించాల్సి వచ్చింది.

“బతికే ఉన్నాయా?”

“ఇప్పటికి ఉన్నాయి.”

“తల్లి లేకుండా ఆ చిన్నది ఎలుకను చీల్చుకోగలదా?”

“లేదు.”

“అయితే ఇంటికి తీసుకుపోదాం బావా. మంచి మాంసం తెచ్చి ముక్కలు చేసి పెడదాం. మా ఇంట్లో బుట్ట ఉంది.”

“ఎవరి చేత్తో?” అన్నాడు మందాయన పైనుంచి.

“నీ చేత్తో కాకపోతే నా చేత్తో.”

“నువ్వు కూడా కలిపావుగా.”

అన్నాక నాలుక కరుచుకున్నాడు.  కింద కాటా ఆయన ఒక చేత్తో నిచ్చెన వదలకుండానే, రెండో అరచేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఇంకోసారి తుడుచుకున్నాడు. మందాయన మెట్టు మెట్టుగా దిగొచ్చి, ఆ తుడుచుకుంటున్న చేతిని పట్టుకున్నాడు.

“అలా అనకుండా ఉండాల్సింది బావా.”

“అన్నది నిజమే కదా.”

“నిజమైతే మాత్రం. చుట్టమా పక్కమా, అయినా నా పని నీ నెత్తిన వేసుకున్నావు. ఇన్నేళ్లలో నాకోసం అంతలా వంగినవాడు లేడు.” చెయ్యి వదలలేదు. “పోయినేడు ఒకటి చూశాను. తల్లి లేనప్పుడు పెద్దపిల్ల తన ఎలుకను ముక్కలు చేసి చిన్నదాని ముందుకు తోసింది. రోజూ చేస్తుందని కాదు. ఒకసారి చూశాను. తండ్రి తెస్తే, అది పెడితే...”

“పెడుతుందంటావా?”

“చూద్దాం.”

పొద్దు వాలింది. హమాలీలు కాళ్లూ చేతులూ కడుక్కుని వెళ్లిపోయారు. మేడమ్ గది తాళం వేసుకుంటూ, వెళ్లమని ఇద్దరికీ చెప్పకుండా, గేటు దగ్గర ఎవరితోనో మాటలు సాగదీసింది. షెడ్డుకు ఎదురుగా, ఖాళీ బస్తాల కుప్పమీద ఇద్దరూ కూర్చున్నారు. గిడ్డంగుల వెనక బీడుమీద వెలుతురు పలచబడింది. ఇంటాయన ఎప్పుడు బయటికి వెళ్లాడో చూడలేదు. వచ్చేటప్పుడు మాత్రం చూశారు; చప్పుడు లేకుండా, బీడువైపునుంచి తెల్లగా, తక్కువ ఎత్తులో, ముక్కున ఎలుకతో.

“ఎక్కడిదంటావ్ అది? లోపలిదా, బయటిదా?” గుసగుసగా అడిగాడు కాటా ఆయన.

“బయటినుంచే వచ్చాడుగా.”

“లోపలిది బయటికి పోయుండొచ్చుగా?”

మందాయన ఆ ఎలుకకేసే చూస్తున్నాడు.

ఇంటాయన వెంటిలేటర్ గట్టుమీద వాలి, ఎప్పట్లాగే తల వంచాడు. ముక్కు ముందుకు చాపి ఆగాడు. సన్నగా, కిచకిచమని ఓ పిలుపు పిలిచాడు. పిల్లలు బుసకొట్టాయి. అతను వాటి వైపు తిరగలేదు. దూలం ఆ చివరకేసి చూశాడు, మళ్లీ పిలిచాడు. అంతసేపూ ఎలుక ముక్కునే ఉంది. తర్వాత దాన్ని ఆవిడ నిలబడే చోట, గట్టుమీద దించి, కాలితో కొంచెం ముందుకు జరిపి, కాస్త ఎడంగా కూర్చుని ఎదురుచూశాడు.

 బొరియ అంచున పెద్దపిల్ల తెల్లమొహం ఒక్కసారి కనబడి లోపలికి పోయింది.

ఇంటాయన రెక్కలు విప్పి మళ్లీ బీడువైపు ఎగిరిపోయాడు.

“పెద్దది వస్తుందిలే” అన్నాడు కాటా ఆయన. “ఆకలేస్తే అదే వస్తుంది.”

గేటు దగ్గర మేడమ్ దగ్గింది. ఇంక ఆగలేనని దానర్థం. ఇద్దరూ లేచారు. నాలుగడుగులు వేసి మందాయన వెనక్కి తిరిగాడు. వెంటిలేటర్ గట్టుమీద ఎలుక, పెట్టింది పెట్టినట్టే ఉంది. బయటికి వేలాడుతున్న తోక మాత్రం గాలికి అటూ ఇటూ కదులుతోంది.